పొద్దున పోయి పొద్దుగూకే లోపల

‘మా ఊళ్ళో ఏముంది?’ అనే మాట చిన్న పట్నాల్లో తరచు వినబడుతుంది. నంద్యాలలోనూ వినబడుతుంది, ఆళ్ళగడ్డలోనూ వినబడుతుంది. ఆదివారం హైదరాబాదుకో బెంగళూరుకో పోగలిగినవాళ్ళు అదృష్టవంతులని, ఊళ్ళో ఉండిపోయినవాళ్ళకు ఆ రోజు వృథా అయినట్టేనని ఒక అభిప్రాయం మనలో పాతుకుపోయింది. బయటివాళ్ళు మన గురించి అనుకునేదీ దానికి తోడైంది. దేశానికి నంద్యాల అంటే 1977లో నీలం సంజీవరెడ్డిని, 1991 ఉప ఎన్నికలో ప్రధాని పి.వి.నరసింహారావును లోక్‌సభకు పంపిన నియోజకవర్గం. సినిమాలు చూసేవాళ్ళకు ఆళ్ళగడ్డ వైపంటే దుమ్ము రేపుకుంటూ వచ్చే సుమోలు, నాటుబాంబులు. ఎన్నికలు నిజమే, ఒకప్పటి కక్షలూ నిజమే. కానీ ఈ నేల మీది మనుషులు వారానికి ఒక పూట ఎట్లా సంతోషంగా గడుపుతారన్నది ఆ వార్తల్లోకీ రాలేదు, ఆ సినిమాల్లోకీ రాలేదు. నేను చెప్పదలచుకున్నది దాని గురించే. పొద్దున పోయి పొద్దుగూకే లోపల ఇల్లు చేరగల దూరంలో చూడదగ్గ చోట్లు ఉండడం ఒక ఊరికి పెద్ద ఆస్తి. ఆ లెక్కన నంద్యాల, ఆళ్ళగడ్డలు చాలా నగరాల కంటే కలిగిన ఊళ్ళు. ఆ కలిమిని గుర్తించకపోవడం మన పొరపాటు, అందరికీ అందనివ్వకపోవడం అంతకంటే పెద్ద పొరపాటు.

దీనికి మొదటి సాక్ష్యం మన పెద్దలు పెట్టిన ఒక నియమంలోనే ఉంది. నంద్యాల చుట్టూ తొమ్మిది నందులున్నాయి. ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది పట్నంలోనే ఉన్నాయి. నాగ నంది ఆంజనేయస్వామి కోవెలలో ఉంటుంది. శివ నంది కడమలకాల్వ దగ్గర, సూర్య నంది యు.బొల్లవరంలో, విష్ణు నంది మహానందికి పోయే దారి వైపు, గరుడ నంది, వినాయక నంది మహానంది ఊళ్ళో, చివరిది మహానంది. కార్తీకమాసంలో ఈ తొమ్మిదింటినీ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం లోపల దర్శించాలన్నది ఆచారం. ఫలం గురించి భక్తులు నమ్మేది నమ్ముతారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ నియమంలోని కొలత. ఒక పగలు, ఒక మనిషి, తొమ్మిది చోట్లు. ఊరి నడుమ మొదలై, చేలగట్ల మీదుగా, కాలువల పక్కగా పోయి, కొండ కింద ముగిసే ప్రయాణం అది. మామూలు రోజుల్లో మన కాలు పడని పల్లెల్లోకి, మన కంట పడని పొలాల్లోకి అది తీసుకుపోతుంది. చలి అప్పుడప్పుడే మొదలయ్యే, పైర్లు పచ్చగా ఉండే నెలను దానికి ఎంచుకున్నారు. ఇంత ఆలోచించి ఒక రోజు తిరుగుడును అమర్చిన ప్రాంతంలో ‘ఇక్కడేముంది’ అనడం న్యాయం కాదు. ఇప్పటికీ కార్తీక సోమవారాల్లో ఆర్టీసీ బస్సులు, ఆటోలు ఈ దారిన నిండుగా తిరుగుతాయి.

మహానంది దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. గుడి శిఖరం బాదామి చాళుక్యుల కాలపు నాగర పద్ధతిలో ఉంటుంది. చరిత్ర తెలిసినవాళ్ళు దాన్ని చూడ్డానికి వస్తారు. మిగతా జనమంతా నీళ్ళను చూడ్డానికి వస్తారు. నల్లమల కొండల్లో ఇంకిన వాన రాతి పొరల్లోంచి ఊటగా వచ్చి పుష్కరిణిలో చేరుతుంది. అయిదడుగుల లోతున పడిన గుండుసూది కూడా కనబడుతుందని చెప్పుకునేంత తేటగా ఉంటుంది. ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా తగులుతుంది. దీంట్లో వింతేమీ లేదు. భూమి లోపలి నీటి వేడి ఏడాది పొడుగునా దాదాపు ఒకే తీరున ఉంటుంది, మారేది బయటి గాలి, మన ఒళ్ళు. ఆ నీళ్ళు పుష్కరిణిలో ఆగిపోవు. గుడి ముందరి గుండాల్లోకి పోయి అక్కడ పిల్లల ఈతకు, పెద్దల స్నానానికి పనికొచ్చి, ఆ తర్వాత అరటి తోటల్లోకి, వరి మళ్ళలోకి పారుతాయి. నీటికి మొహంవాచిన రాయలసీమలో ఇది ఎంత గొప్ప దృశ్యమో వేరే చెప్పక్కర్లేదు. మొక్కుకున్న నీళ్ళలోనే ఈదడం, ఈదిన నీళ్ళతోనే పండిన అరటిపండు గుడి బయట కొనుక్కుని తినడం, ఇంతకంటే పూర్తి విహారం ఏముంటుంది? దీనికి అయ్యే ఖర్చు బస్సు టికెట్టు, ఒక అత్తం అరటిపళ్ళు.

దూరం ఎక్కువైతేనే విహారమనే భావన ప్రపంచంలో ఎక్కడా మొదటినుంచీ లేదు. నేటి పర్యాటక వ్యాపారానికి ఆద్యుడని పేరున్న థామస్ కుక్ 1841 జులై 5న ఇంగ్లండులో లెస్టర్ నుంచి లఫ్‌బరోకు ఒక రైలులో సుమారు 500 మందిని తీసుకుపోయాడు. మనిషికి ఒక షిల్లింగు. ఆ దూరం పదకొండు మైళ్ళ పైచిలుకు, నంద్యాల నుంచి మహానందికి ఉన్నంత దూరమే రమారమి. అక్కడ ఒక తోటలో తిని, ఆడుకుని, అదే రోజు తిరిగొచ్చారు. విహారానికి విమానం, హోటలు గది తప్పనిసరి అయింది తర్వాతి వ్యాపారం వల్ల.

వారానికొక సెలవు మనకు దొరల నుంచి వచ్చిన అలవాటని చాలామంది అనుకుంటారు. ఆదివారం మటుకు అట్లా వచ్చిందే. అదీ కార్మికులకు ఊరికే దక్కలేదు. బొంబాయి బట్టల మిల్లుల కార్మికుల కోసం నారాయణ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడితే 1890 జూన్‌లో అక్కడి మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా వారపు సెలవును హక్కుగా రాసింది. కానీ వారంలో ఒక రోజు కాడి దించడమనే ఆలోచన మన పల్లెలకు కొత్త కాదు. రాయలసీమలో చాలా ఊళ్ళలో సోమవారం ఎద్దులను కాడికి కట్టేవాళ్ళు కాదు. అది బసవన్న రోజు. నందుల పేరు పెట్టుకున్న పట్నం చుట్టూ నందికి వారానికొక రోజు సెలవుండేది. ఎద్దుకు సెలవైతే మడక తోలే మనిషికీ పొలంలో సగం సెలవే. ఆ పూట బంధువుల ఊరికి పోవడానికీ, గుడికి పోవడానికీ, చెట్టు కింద బారాకట్ట ఆడడానికీ వీలు చిక్కేది. ట్రాక్టర్లొచ్చాక ఎద్దులు తగ్గాయి. ట్రాక్టరుకు సోమవారం లేదు. రైతు ఆ విశ్రాంతి పోగొట్టుకున్నాడు, ఆదివారమూ అతనికి దక్కలేదు. ఈ సంగతికి తర్వాత మళ్ళీ వస్తాను.

ఆళ్ళగడ్డ వైపుకు వద్దాం. నంద్యాల నుంచి కడప రోడ్డున నలభై కిలోమీటర్లు పోతే ఆళ్ళగడ్డ, అక్కడినుంచి పాతిక కిలోమీటర్ల పైన అహోబిలం. ఎర్రన నృసింహపురాణంలో కీర్తించిన క్షేత్రం ఇది. అహోబిలం దాకా బస్సు పోతుంది. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుని దగ్గరకు భవనాశి ఏటి వెంబడి రాళ్ళ మీద నడవాలి. నవ నరసింహుల్లో కొందరి దగ్గరకు బండి పోతుంది, కొందరి దగ్గరకు కాళ్ళే పోవాలి. నడవలేనివాళ్ళకు కర్రలు అద్దెకో అమ్మకానికో దొరుకుతాయి. ఇక్కడి అసలు విశేషం మాత్రం పార్వేట. కనుమ నాడు స్వామి పల్లకి అహోబిలం నుంచి బయల్దేరుతుంది. నల్లమలలో చెంచులక్ష్మిని చేపట్టిన నరసింహుడు పెళ్ళి పిలుపులకు ఊరూరూ తిరుగుతాడని కథ. మొదట చెంచులు పల్లకి మీదికి బాణాలు వేసి తమ బావను సాగనంపుతారు. ఆ తర్వాత నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా పల్లెల్లో పల్లకి తిరుగుతుంది. ఊరూరా దాన్ని దించడానికి కట్టిన అరుగులుంటాయి, వాటిని ‘తెలుపులు’ అంటారు. పల్లకి వచ్చిన రోజే ఆ ఊరికి పెద్ద పండుగ. కూతుళ్ళు, అల్లుళ్ళు ఆ రోజుకే వస్తారు, కొత్త బట్టలు ఆ రోజుకే తీస్తారు. మనుషులు దేవుని చూడడానికి పోవడం అంతటా ఉంది. దేవుడే గుడి వదిలి నెలన్నర పాటు పల్లెలు చూసిపోవడం మన ఆళ్ళగడ్డ వైపు ఉంది. పల్లెల వాళ్ళు స్వామిని కూడా తమలాగే తిరగాలని, చుట్టాల ఇళ్ళలో ఆగాలని, అందరి చేతి బెల్లమూ తినాలని కోరుకున్నారు. చుట్టుపక్కల తిరగడాన్ని ఇంతగా గౌరవించిన సమాజానికి ఇంకొకరి దగ్గర విహారం నేర్చుకోవాల్సిన అవసరం లేదు.

దైవం ప్రసక్తి లేకుండా చూడవలసినవీ ఉన్నాయి. ఆళ్ళగడ్డలో శిల్పుల కొట్టాల ముందు నిలబడి ఒక గంట చూడండి. ఉలి దెబ్బకు రాతిలోంచి ఒక వేలు, వేలికి ఒక గోరు తేలుతాయి. ఆళ్ళగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు కూడా వచ్చింది. ఆ చూపుకు టికెట్టు లేదు. రాళ్ళ మాట వచ్చింది గనక ఇంకొకటి చెప్పాలి. భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో ఈ కుందూ లోయ రాతి పొరలకు మన ఊళ్ళ పేర్లే పెట్టారు: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికంటే పైన నంద్యాల షేల్. ప్రపంచంలో ఎక్కడి భూగర్భ విద్యార్థి అయినా కర్నూలు రాతి పొరల గురించి చదివితే మన బస్టాండు బోర్డుల మీది పేర్లే చదువుతాడు. కోట్ల ఏళ్ళ కిందట ఇది సముద్రం అడుగు. ఆ సున్నపురాతిని నీళ్ళు కరిగించుకుపోతే బెలుం గుహలు ఏర్పడ్డాయి. కొలిమిగుండ్ల మండలంలోని ఆ గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేశాడు, 1982, 83లో గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపల తిరిగి కొలిచింది, 2002లో జనానికి తెరిచారు. మొత్తం పొడవు 3229 మీటర్లు, మనం నడవగలిగేది అందులో కిలోమీటరున్నర. మన ఇళ్ళలో, వసారాల్లో పరిచిన నాపరాయి కూడా ఈ తీరు పొరల్లోంచి వచ్చిందే. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు గుహకు పోకపోయినా ఇంటి నేల వైపు వేరే కళ్ళతో చూస్తాడు.

ఇక అభ్యంతరాలు. భక్తులైన పెద్దలు మొదట అనే మాట, క్షేత్రానికి పోవడాన్ని షికారుతో కలపకూడదని. ఆ మాటలో ఉన్న మర్యాదను నేను కాదనను. గుడిలో గోల చేయడం, ఫోటోల కోసం గర్భగుడి ముందు తోసుకోవడం తప్పే. కానీ మన భాషే ఈ రెండింటినీ విడదీయలేదు. యాత్ర అనే మాట నుంచే జాతర వచ్చింది. మహానందిలో శివరాత్రికి ఒక పక్క అభిషేకాలు, మరో పక్క రంగులరాట్నం, గాజుల అంగళ్ళు, చెరుకు గడలు. కార్తీక వనభోజనంలో ఉసిరిచెట్టుకు పూజ ఎంత ముఖ్యమో దాని కింద అందరూ కూచుని తినడం అంతే ముఖ్యం. సంతోషాన్ని భక్తికి శత్రువుగా మన పెద్దలు చూడలేదు.

రెండో అభ్యంతరం బరువైనది. ఇదంతా నెలజీతాల వాళ్ళ ముచ్చట, రైతుకూ కూలికీ ఆదివారం ఎక్కడిదని. నిజం. మిర్చి కోతల్లో, పత్తి తీతల్లో ఆదివారం లేదు. హోటల్లో గిన్నెలు తోమే అబ్బాయికి, బట్టల కొట్టులో నిలబడే అమ్మాయికి ఆదివారమే ఎక్కువ పని. 1988 నాటి రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం కొట్టులో పనిచేసే ప్రతి మనిషికీ వారానికి ఒక రోజు సెలవివ్వాలి. నంద్యాల గాంధీ చౌకులో ఎన్ని కొట్లలో అది అమలవుతుందో అక్కడ పనిచేసేవాళ్ళకు తెలుసు. అయితే ఈ అభ్యంతరం నా వాదాన్ని కొట్టేయదు, బలపరుస్తుంది. దూరపు విహారం కావాలంటే రెండు రోజులు, వేల రూపాయలు కావాలి. అవి కూలి మనిషికి ఎప్పటికీ కుదరవు. దగ్గరి విహారానికి అర పూట చాలు. పని సందు దొరికిన ఏ వారమైనా, ఏ మధ్యాహ్నమైనా కుదురుతుంది. అందుకే పల్లెల్లో సెలవు వారాన్ని బట్టే కాక పంటను బట్టి, పున్నమిని బట్టి కూడా వచ్చేది. కొట్టు యజమానులు చట్టం చెప్పిన ఆ ఒక్క రోజు ఇవ్వడం దానం కాదు, బాకీ తీర్చడం.

మూడోది ఆడవాళ్ళ సంగతి. నలుగురు మహానందికి పోతే ముందు రాత్రే చింతపండు నానేసేది, తెల్లవారి నాలుగింటికి లేచి పులిహోర కలిపేది, పెరుగన్నం మూట కట్టేది, తిరిగొచ్చాక గిన్నెలు కడిగేది ఎవరు? 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే ఇచ్చారు, చేసే పురుషులు 97 నిమిషాలు. ఆ లెక్క ఆదివారం ఇంకా పెరిగేటట్టయితే దాన్ని విహారం అనలేం. దీనికి జవాబు మన ఊళ్ళలోనే ఉంది. పొద్దున బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరుకుతాయి. మధ్యాహ్నానికి క్షేత్రాల్లో అన్నదాన సత్రాలున్నాయి. నల్లమల చుట్టూ గుళ్ళు బాగుచేయించి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టించిన కాశీనాయన పేరు ఈ ప్రాంతంలో తెలియనివాళ్ళుండరు. సాయంత్రానికి బొరుగులు, ఉడకేసిన శెనక్కాయలు, గ్లాసు నన్నారి షర్బత్. నన్నారి వేరు చెంచులు నల్లమలలో తవ్వి తెచ్చేది, గిరిజన సహకార సంస్థ దాని షర్బత్ అమ్ముతుంది. ఆ ఒక్క రోజు పొయ్యి వెలిగించకపోతే ఇల్లు ఆగిపోదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. ఎవరినీ డబ్బులు అడక్కుండా ఒక ఆడమనిషి బయల్దేరగలదు. ఆ ఒక్క మార్పు ఎంత పెద్దదో బస్సెక్కిన ఆడవాళ్ళ ముఖాల్లోనే కనిపిస్తుంది. ఇంకా కావాల్సినవి ఉన్నాయి. గుండాల దగ్గర బట్టలు మార్చుకునే శుభ్రమైన గదులు, నీళ్ళొచ్చే మరుగుదొడ్లు, చెరువు కట్టల మీద దీపాలు, చీకటి పడే వేళకు తప్పకుండా వచ్చే తిరుగు బస్సు. ఆడపిల్ల ఒంటరిగానో స్నేహితురాళ్ళతోనో పోయి రాలేని చోటు ఎంత అందంగా ఉన్నా ఊరి ఆస్తి కింద లెక్కకు రాదు.

అడవి పాడవుతుందనే భయం నాకూ ఉంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్నది నల్లమలలోనే. పులికి మన పాటలు అక్కర్లేదు. అహోబిలం దారిలో, భవనాశి గుంతల్లో ప్లాస్టిక్ సీసాలు తేలుతున్నాయంటే అది మనవల్లే. ఊరి మనిషి మళ్ళీ వచ్చే వారం అదే ఏటిలో కాళ్ళు పెట్టుకోవాలి, కాబట్టి దాన్ని శుభ్రంగా ఉంచడంలో అతనికి స్వార్థం ఉంది. ఆ స్వార్థాన్ని నేను మెచ్చుకుంటాను. అటవీశాఖ వద్దన్న చోటికి పోకుండా ఉండడం ఈ నేల మీద పుట్టినవాళ్ళ మొదటి బాధ్యత.

చూసిందే ఎన్నిసార్లు చూస్తామని కొందరంటారు. కుందూ నదిని వేసవిలో చూసినవాళ్ళు వరదల్లో చూస్తే అదే నది అనుకోరు. కె.సి.కాలువకు నీళ్ళొదిలిన వారం, కొర్ర చేను వంగిన వారం, నల్లమల సీతాఫలాలు గంపల్లో దిగే వారం, బనగానపల్లె మామిడి వచ్చే వారం, ఏ రెండు వారాలూ ఒకటి కావు. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, అప్పుడు మధ్యాహ్నం ఇంట్లో ఉండడమే తెలివి, తెల్లవారుజామునో సందకాడో చెరువు కట్ట చాలు. రైలంటే ఇష్టమున్నవాళ్ళకు రెండు దారులున్నాయి. గాజులపల్లె దాటి నల్లమలలో దూరి దిగువమెట్ట దగ్గర తేలే పాత దారి ఒకటి. రెండు దశాబ్దాల ఎదురుచూపు తర్వాత 2016లో రైళ్ళు నడిచిన నంద్యాల–ఎర్రగుంట్ల దారి రెండోది. కిటికీ పక్క సీటు దొరికితే అదే విహారం.

శ్రోతలారా, ఈ వచ్చే ఆదివారం, లేదా మీకు పని సందు దొరికిన ఏ రోజైనా సరే, ఇంట్లో అందరినీ, ముఖ్యంగా వంటింట్లో ఉండిపోయేవాళ్ళను వెంటబెట్టుకుని నంద్యాల బస్టాండులో మహానంది బస్సెక్కండి. ఆళ్ళగడ్డవాళ్ళయితే అహోబిలం బస్సు. మీ కొట్టులో, మీ పొలంలో పనిచేసే మనిషికీ ఆ సెలవివ్వండి. ఒక సీసా నీళ్ళు, ఒక తువాలు, ఖాళీ సంచి ఒకటి పట్టుకుపోండి. తిరిగొచ్చేటప్పుడు మీ చెత్త ఆ సంచిలో మీతోపాటే ఊరికి రావాలి.